మా పిల్లల బడి ఆవరణ: చింతచెట్టు అరుగుకు పూర్తి మార్కులు, ప్లాస్టిక్ పచ్చికకు సున్నా

పిల్లల్ని ఏ బడిలో చేర్చాలని అడిగేవాళ్లు ముందు ఇంగ్లీషు మీడియం సంగతి అడుగుతారు, తర్వాత ఫీజు, ఆ తర్వాత బస్సు. ఆవరణ ఎలా ఉంది అని అడిగినవాళ్లు నాకు ఇంతవరకు తారసపడలేదు. అందుకే ఈ సమీక్షంతా ఆవరణ గురించే రాస్తున్నాను. అనంతపురం జిల్లాలో మా మండల కేంద్రానికి దగ్గరి పల్లెలో ఉన్న మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల ఇది. ఒకటి నుంచి అయిదు తరగతులు, అరవై మందికి పైగా పిల్లలు, ముగ్గురు టీచర్లు. మా అమ్మాయి మూడో తరగతి, అబ్బాయి ఒకటో తరగతి. నేను బట్టలు కుడతాను. కొలతలతో బతికే మనిషిని కాబట్టి ఏ వస్తువునైనా కొలిచి చూస్తే గానీ నాకు నమ్మకం కుదరదు.

మా అమ్మాయి అంతకుముందు పట్టణంలోని ఒక ప్రైవేటు బడిలో చదివింది. నాలుగంతస్తుల భవనం. ఆటస్థలం మేడ మీద, రేకుల కింద. మట్టి తగలకుండానే అక్కడ యూకేజీ, ఒకటో తరగతి పూర్తయ్యాయి. అక్కడ చెప్పిన చదువులో నాకు లోపం కనిపించలేదు. కానీ చిక్కుడు గింజ మొలకెత్తడం అనే పాఠంలో బొమ్మ కింద పేర్లు రాయమంటే గబగబా రాసే పిల్ల, ఇంటి వెనక మొలిచిన చిక్కుడును చూపిస్తే గుర్తుపట్టలేకపోయింది. 2024 జూన్‌లో ఈ బడికి మార్చాము.

మొదట చింతచెట్టు అరుగు. చెట్టు పాతది, దాని చుట్టూ గుండ్రంగా రాతి అరుగు. ఊళ్లో ప్రతి చెట్టుకూ అరుగు ఉంటుంది, ఇందులో విశేషమేమిటని అనుకోవచ్చు. విశేషం ఎత్తులో ఉంది. ఒకవైపు పది అంగుళాలు, మరోవైపు పదిహేను అంగుళాలు; నేను టేపుతో కొలిచాను. అరుగు కట్టిన మేస్త్రి ఆ ఊరివాడే, ఆయన మనవరాలు ఇక్కడే చదువుతోంది. కట్టే ముందు ఒకటో తరగతి పిల్లల్ని, అయిదో తరగతి పిల్లల్ని గోడకు ఆనించి నిలబెట్టి మోకాలి వెనక సుద్దతో గీత గీసుకున్నాడట. అందువల్ల మా అబ్బాయి కూర్చుంటే పాదాలు నేలకు ఆనుతాయి. కాళ్లు గాలిలో వేలాడుతుంటే చిన్నపిల్లలు పావుగంట కూడా కుదురుగా ఉండలేరు. బెంచీలు కొని పంపేవాళ్లకు ఈ గీత గీయాలన్న ఆలోచన రాదు. కొలత తీసుకోకుండా కుట్టిన చొక్కా ఎంత ఖరీదైన గుడ్డతో కుట్టినా ఒంటికి పట్టదు. బడి బల్లల సంగతీ అంతే.

ఉదయం మొదటి రెండు పీరియడ్లు ఒకటి, రెండు తరగతుల తెలుగు పాఠం ఈ అరుగు మీదే జరుగుతుంది. నాలుగు తరగతుల గొంతులు ఒకే గదిలో కలిసిపోయే బాధ దీనితో చాలావరకు తప్పింది. మార్చి 15 తర్వాత ఒంటిపూట బడులు మొదలైనప్పుడు ఏడూ నలభై అయిదుకే గంట కొడతారు కదా, అప్పుడు బయటి పని అంతా తొమ్మిదిన్నర లోపల ముగించి పిల్లల్ని గదుల్లోకి పంపుతారు. మా జిల్లా ఎండకు ఈ జాగ్రత్త తప్పనిసరి. ఆరుబయట చదువు అని పేరు పెట్టి పన్నెండు గంటల ఎండలో కూర్చోబెట్టే బడి ఏదైనా ఉంటే అక్కడ చేర్చవద్దు.

అరుగుకు ఎడమవైపు ఖాళీ స్థలంలో ఒక ఇనుప గొట్టం నిట్టనిలువుగా పాతి ఉంది. మీటరు పొడవు. వెల్డింగు షాపు కుర్రాడు తెచ్చాడు, మేస్త్రి గుండు వేలాడదీసి ఎటూ వంగకుండా నిలబెట్టాడు. ఖర్చు దాదాపు ఏమీ లేదు. ఈ ఆవరణలో చదువుకు అత్యంత ఎక్కువగా ఉపయోగపడే వస్తువు ఇదేనని నా నమ్మకం. నాలుగు, అయిదు తరగతుల పిల్లలు గంటకోసారి వెళ్లి గొట్టం నీడ చివర ఒక రాయి పెడతారు, పొడవు కొలిచి రాసుకుంటారు. నీడ ఎప్పుడు అన్నిటికంటే పొట్టిగా ఉంటుంది అంటే పెద్దవాళ్లందరం పన్నెండింటికి అంటాం. పిల్లల పుస్తకంలో అలా లేదు. ఆగస్టులో పన్నెండూ ఇరవై అయిదు ప్రాంతంలో అని ఉంది. మన దేశపు గడియారాలు 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని పట్టుకుని నడుస్తాయి. అది కాకినాడకు దగ్గరగా పోతుంది. అనంతపురం దానికి పడమర దాదాపు అయిదు డిగ్రీల దూరంలో ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున ఇరవై నిమిషాలు, ఆ నెలలో సూర్యుడి నడకలో వచ్చే తేడా మరో అయిదు నిమిషాలు. ఈ లెక్క నాకు హెడ్ మేడమ్ చెప్పారు, మర్నాడు మా పక్కింటి అయిదో తరగతి పిల్లవాడు మళ్లీ చెప్పాడు. వాడు చెప్పిందే నాకు బాగా అర్థమైంది, ఎందుకంటే చెబుతూ నేల మీద గీశాడు.

ఇంకో సంగతి. మా జిల్లాలో ఏడాదికి రెండుసార్లు నడినెత్తిన సూర్యుడు సరిగ్గా నిలుస్తాడు, నిలువు గొట్టానికి నీడ ఉండదు. ఒకటి ఏప్రిల్ నెలాఖరున, అప్పటికి వేసవి సెలవులు. రెండోది ఆగస్టు 13 ప్రాంతంలో, అప్పుడు బడి ఉంటుంది. ఆ రోజు మధ్యాహ్నం తల్లిదండ్రులను కూడా పిలుస్తారు. మేము ఏడెనిమిది మందిమి వెళ్లాము. మబ్బుల మధ్య ఎండ వచ్చిన కాసేపు నీడ గొట్టం అడుగునే దాగిపోయింది. కూలికి వెళ్లి మధ్యలో వచ్చిన ఒక తల్లి తన నీడ కోసం చుట్టూ వెతుక్కుని, పాదాల కింద చూసుకుని, "ఇన్నేళ్లు ఈ ఎండలోనే పని చేశాను, ఎన్నడూ గమనించలేదు మేడమ్" అంది. ఆమె కూతురు ఆ మాట వింటూ పక్కనే నిలబడి ఉంది.

తోట గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అన్ని బడుల తోటలూ ఇక్కడే దెబ్బతింటాయి. బడుల్లో పోషణ తోటలు పెంచమని 2019లో కేంద్ర విద్యాశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. బోర్డు పెట్టి ఫొటో తీసి వదిలేసిన తోటలు మా మండలంలోనే కొన్ని చూశాను. మొక్క నాటడం ఒక పూట పని, ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ 12 దాకా దాన్ని బతికించడం అసలు పని. అనంతపురంలో ఏడాది మొత్తానికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లు. వేసవిలో బోరు కూడా దగ్గుతుంది.

ఇక్కడ ఆ పనికి చేసుకున్న ఏర్పాటు చూడండి. బడి గోడను ఆనుకుని ఉన్న వీధిలోని ఇళ్లవాళ్లు వారాలు పంచుకున్నారు. సెలవుల్లో ఆ వారం ఏ ఇంటిదైతే ఆ ఇంటివాళ్ల దగ్గర గేటు తాళంచెవి ఉంటుంది. చెట్ల పాదుల్లో మూతులు పైకి ఉండేలా మట్టికుండలు పాతారు. కుండ నింపితే నీరు మెల్లగా ఊరి వేళ్లకు అందుతుంది, పైన పోస్తే ఆవిరైపోయే నీళ్లు చాలావరకు మిగులుతాయి. కుండలు ఊరి కుమ్మరి ఇచ్చాడు, కాల్చేటప్పుడు మచ్చపడి అమ్ముడుపోనివి. పిల్లలు అన్నానికి ముందు చేతులు కడిగే చోట నుంచి చిన్న కాలువ తీసి, కంకర గుంట గుండా అరటి మొక్కలకు మళ్లించారు. గుంతలు తవ్వింది ఉపాధి హామీ కూలీలు. ఉచితంగా కోనోకార్పస్ మొక్కలు ఇస్తామని ఎవరో అంటే బడి యాజమాన్య కమిటీ వద్దంది. వేప, కానుగ, ఉసిరి, సీతాఫలం, మునగ పెట్టారు. పిట్ట వాలని చెట్టు బడికెందుకు అని అడిగింది కమిటీలోని ఒక తల్లి. నాకు ఆ ప్రశ్న చాలా నచ్చింది.

మడుల్లో తోటకూర, గోంగూర, పాలకూర, టమోటా, వంగ, కంచెకు పాకించిన బీర. కోసినవి నేరుగా మధ్యాహ్న భోజనం వండే ఆయాల చేతికి వెళ్తాయి. అరవై మందికి సరిపడా కూర ఈ తోటలో పండదు, ఎవరూ అలా చెప్పుకోవడం లేదు కూడా. పప్పులోకి ఆకు, సాంబారులోకి మునక్కాడలు వస్తాయి. తాను నీళ్లు పోసిన తోటకూర పప్పులో ఉందని తెలిసిన రోజు మా అబ్బాయి మారు అడిగాడని ఆయా చెప్పింది. ఇంట్లో ఆకుకూర పళ్లెం అంచుకు నెట్టే పిల్లవాడు వాడు.

వేరుశనగ మడి ఈ తోటకు కిరీటం. ఊళ్లోని ఒక అవ్వ, డెబ్బై దాటిన రైతు, దాన్ని చూసుకుంటుంది. అవ్వకు చదువు రాదు. పసుపు పూలు రాలాక ఊడలు దిగే సమయం చూసి ఆమే కబురు పంపుతుంది, ఆ రోజు సైన్సు పాఠం అక్కడే. పువ్వు పైన పూసి కాయ మట్టిలో కాసే పంట ఇదని పుస్తకంలో ఒక వాక్యం ఉంటుంది. ఆ ఊడను వేలితో పట్టుకుని అది మట్టిలోకి దిగుతున్న చోటు చూపిస్తే పిల్లలు ఆ వాక్యాన్ని కంఠస్థం చేయనక్కర్లేదు. ఒక మొక్కకు మట్టి గట్టిపడేలా అడుగు వేసి తొక్కించి, పక్క మొక్కకు గుల్లచేసి, పంట తీసేటప్పుడు రెండిటి కాయలూ లెక్కపెట్టించింది అవ్వ. ఇంతకంటే మంచి ప్రయోగం ఏ ప్రయోగశాలలో చేయిస్తారో నాకు తెలియదు. టీచర్ల దగ్గర ఉన్న చదువు, అవ్వ దగ్గర ఉన్న చదువు ఒకే మడి దగ్గర కలుసుకోవడమే ఈ బడి గొప్పతనం. మా పల్లెల్లో ఇలాంటి అవ్వలు ఎందరో ఉన్నారు, బడి గేటు దాటి లోపలికి రమ్మని వాళ్లను పిలిచేవాళ్లే తక్కువ.

వాన కొలిచే డబ్బా గురించి క్లుప్తంగా చెబుతాను. వాన పడిన మర్నాడు అయిదో తరగతి పిల్లలు కొలత చూసి గోడ మీద గీసిన గళ్లలో రంగు నింపుతారు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. గది పైకప్పు అరవై చదరపు మీటర్లు, ఇరవై మిల్లీమీటర్ల వాన పడితే 1,200 లీటర్లు. ఆ లెక్క చేసిన పిల్లలే కప్పు నీళ్లు వీధిలోకి పోతున్నాయని సర్పంచి దగ్గరికి వెళ్లి అడిగారు. గొట్టం బిగించి బోరు పక్కన ఇంకుడు గుంతలోకి మళ్లించారు.

గోడలు, తలుపులు, నేల కూడా పాఠం చెప్పాలన్న 'బాలా' ఆలోచన ఇక్కడ కొంత కనిపిస్తుంది. కబీర్ వాజపేయి అనే ఆర్కిటెక్టు, ఆయన సంస్థ విన్యాస్ రాజస్థాన్ బడుల్లో పనిచేస్తూ రూపొందించిన పద్ధతి అది, తర్వాత యునిసెఫ్ తోడ్పాటుతో ఎన్నో రాష్ట్రాలకు వెళ్లింది. తలుపు తెరుచుకునే చోట నేల మీద కోణాలు గీశారు: ముప్పై, నలభై అయిదు, తొంభై. బాగుంది, వాడుతున్నారు కూడా. గోడల మీది కార్టూను బొమ్మలతో మాత్రం నాకు పేచీ ఉంది. ఆ చెట్టు మీదకు రోజూ వచ్చే గోరింకను, చిలుకను, జెముడుకాకిని వేయించి ఉంటే పిల్లలు పోల్చి చూసుకునేవాళ్లు.

ఇప్పుడు సున్నా మార్కుల సంగతి. గేటు పక్కన ఒక దాత ఇచ్చిన ప్లాస్టిక్ పచ్చిక పరిచారు. ఆకుపచ్చగా, ఫొటోలో అందంగా ఉంటుంది. మార్చిలో ఉదయం పదింటికి దాని మీద అరచేయి ఆనించి చూశాను, నిలపలేకపోయాను. పక్కనే ఉన్న మట్టి మీద ఆనించగలిగాను. పిల్లలు దాని మీద ఆడరు. అంచులు లేచి కాళ్లకు తగులుకుంటోంది, పోగులు ఊడి మట్టిలో కలుస్తున్నాయి. దాత మనసు నొచ్చుకుంటుందని ఎవరూ తీయరు. తీసేసి ఆ చోట రెండు కానుగ చెట్లు పెట్టాలని నేను సమావేశంలో చెప్పాను, ఇక్కడా చెబుతున్నాను. పెద్ద మనసుతో ఇచ్చేవాళ్లు ఇచ్చే ముందు ఒక ఎండ పూట అక్కడ నిలబడి చూడాలి.

రంగులేసిన టైర్లు కూడా నాకు నచ్చలేదు. గతేడాది వానల్లో వాటిలో నీరు నిలిచి దోమ పిల్లలు కదులుతుంటే కమిటీ వాళ్లం చూశాం. డెంగీ దోమకు పాత టైరంటే ప్రాణం. అడుగున రంధ్రాలు చేయించారు, కొన్నిటిలో మట్టి నింపారు. అది సరిపోతుంది. కానీ అమర్చిన రోజే ఆ రంధ్రాలు ఎందుకు లేవు? రేకు జారుడుబల్ల చెట్టు నీడలోకి మారాల్సి ఉంది, ఇంకా మారలేదు.

వీటన్నిటికంటే పెద్ద లోపం దారి. రెండో తరగతిలో నడవడానికి కాలికి క్యాలిపర్లు (ఊతమిచ్చే పట్టీలు) వేసుకునే పిల్లవాడు ఉన్నాడు. గది నుంచి చింతచెట్టు దాకా కంకర, అక్కడక్కడ వేర్లు. తోడు లేకుండా అతను అరుగు దగ్గరికి రాలేడు, తరగతంతా బయట ఉంటే అతను గుమ్మంలో కూర్చుని వినాల్సి వస్తోంది. గదికి ర్యాంపు ఉంది, బయటి తరగతికి లేదు. ముప్పై అడుగుల చదును దారి వేస్తే సరిపోతుంది. ఊరి మేస్త్రి ఒప్పుకున్నాడు, సిమెంటు సమకూరాలి. ఇది అయ్యేదాకా నేను ఈ ఆవరణకు పూర్తి మార్కులు ఇవ్వలేను.

పనుల పంపకంలోనూ ఒక చిక్కు ఉండేది. మగపిల్లలు పార పట్టుకుంటే ఆడపిల్లలు చీపురు పట్టుకునేవాళ్లు. ఎవరూ చెప్పకుండానే అలా అలవాటైపోయింది. మేము తల్లులం ఈ సంగతి ఎత్తాము. ఇప్పుడు నెలనెలా జట్లు మారుస్తూ గోడ మీద పట్టిక రాస్తున్నారు. మా అమ్మాయికి పార పట్టడం వచ్చింది. తోటపని చదువులో భాగంగా ఉండాలంటే ఆ పనికి పుస్తకంలో ఒక పేజీ ఉండాలి: ఎన్ని నీళ్లు పోశాం, ఎంత పెరిగింది, ఎందుకు ఎండింది. ఆ పేజీ రాయించని రోజు అది వెట్టి అవుతుంది. ఇక్కడ చాలా రోజులు రాయిస్తారు, తనిఖీలు, శిక్షణలు వచ్చి టీచర్లు తక్కువైన రోజుల్లో రాయించరు.

ఊరి పాత్ర గురించి విడిగా చెప్పనక్కర్లేదు, ఇప్పటిదాకా చెప్పిందంతా అదే. విద్యాహక్కు చట్టం ప్రకారం యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. చాలాచోట్ల అది సంతకాల పుస్తకంలో ఉంటుంది. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల సమావేశం ఒకే రోజు జరిగింది కదా, ఇక్కడ దాన్ని షామియానా లేకుండా చింతచెట్టు కింద జరిపారు. పిల్లలే మమ్మల్ని చేయి పట్టుకుని మడుల చుట్టూ తిప్పారు. వచ్చిన డబ్బు, పెట్టిన ఖర్చు గేటు లోపలి నల్లబోర్డు మీద సుద్దతో రాసి ఉంటుంది. చదవడం వచ్చిన ఎవరైనా నిలబడి చూసుకోవచ్చు. చందా అడిగితే ఊరు ముఖం తిప్పుకోకపోవడానికి ఆ బోర్డే కారణం.

సాయంత్రం చీకటిపడే దాకా ఆవరణ ఊరి పిల్లలందరికీ తెరిచి ఉంటుంది. ఒకప్పుడు రాత్రిళ్లు గోడ దూకి వచ్చి తాగి సీసాలు పగలగొట్టేవాళ్లు ఉండేవాళ్లట. ఎదురుగా చిల్లర కొట్టు నడిపే అన్నకు తాళంచెవి అప్పగించాక, ఆ వీధివాళ్లు సాయంత్రాలు అరుగు మీద కూర్చోవడం మొదలుపెట్టాక అది తగ్గింది. ఇప్పటికీ సోమవారం ఉదయం ఆవరణలో గాజుపెంకుల కోసం వెతికిన తర్వాతే పిల్లల్ని వదులుతారు. వయ్యారిభామ మొక్కలు పీకడం మాత్రం పెద్దల పని, పిల్లలతో చేయించరు. చర్మానికి దద్దుర్లు వస్తాయి కాబట్టి అది సరైన నిర్ణయం. పాములు, తేళ్ల భయం అడిగేవాళ్లకు: ఆకుల కుప్పలు, రాళ్ల కుప్పలు గోడకు దూరంగా ఒకే చోట ఉంచుతారు, చెప్పులు లేకుండా మడుల్లోకి పంపరు.

ఏడాదికోసారి జరిగే సంత చూడటానికి తప్పకుండా వెళ్లండి. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ విద్యాసంస్థ చుట్టుపక్కల పల్లె బడుల్లో చాలా ఏళ్లుగా మెట్రిక్ మేళాలు జరుగుతున్నాయి. ఊరివాళ్లు వస్తారు, పిల్లలు వాళ్ల ఎత్తు, బరువు కొలుస్తారు, అమ్ముతారు, చిల్లర ఇస్తారు. హెడ్ మేడమ్ ఆ ఆలోచన తెచ్చారు. మా దగ్గర దాని పక్కనే పాత సేరు, పావుసేరు డబ్బాలు కూడా పెట్టారు. ఒకే డబ్బాతో బియ్యం, వేరుశనగ కాయలు కొలిచి త్రాసులో వేయించి, బరువు ఎందుకు వేరుగా వచ్చిందో చెప్పినవాళ్లకే సరుకు ఇచ్చారు. నేను టేపు పట్టుకుని నా దుకాణం పెట్టాను. చొక్కాకు ఎంత గుడ్డ పడుతుందో లెక్క కట్టడానికి మూడో తరగతి పిల్లలు వరుసలో నిలబడ్డారు. గణితం అంటే భయపడే మా అమ్మాయి స్నేహితురాలు భుజం కొలత, చేతి పొడవు తీసుకుని, రెండు చేతులకు రెట్టింపు చేయాలని ఎవరూ చెప్పకుండానే చేసింది.

చూసి నిర్ణయించుకోవాలనుకునే తల్లిదండ్రులు శనివారం ఉదయం వెళ్లండి. ఆ రోజు పిల్లలకు పుస్తకాల సంచి ఉండదు, ఎక్కువసేపు బయటే ఉంటారు. జూలైలో పచ్చగా ఉన్నప్పుడు ఏ తోటైనా బాగుంటుంది, కాబట్టి ఏప్రిల్లో కూడా ఒకసారి చూడండి. మీరు వేరే ఊరివాళ్లయితే మీ బడిలో ముందు ఆ మీటరు గొట్టం పాతించండి. ఇక్కడ చేర్పించాలంటే జూన్ 12న బడి తెరిచే నాటికే హెడ్ మేడమ్‌ను కలవండి. వయసు ధ్రువపత్రం లేదని ఆగిపోవద్దు, ఆ కారణంతో పిల్లల్ని చేర్చుకోకుండా ఉండటానికి చట్టం ఒప్పుకోదు. వెళ్లేటప్పుడు సిమెంటు బస్తా ఒకటి ఇవ్వగలిగినవాళ్లు ఆ ముప్పై అడుగుల దారి కోసమని చెప్పి ఇవ్వండి, బోర్డు మీద రాస్తారు.